తోడుకు పోయిన బడి

సాయవ్వ కూతురు స్వరూపకు రెండు జడలూ అల్లడం అయిపోయింది. రిబ్బన్లతో మడిచి పైకి కట్టడమే మిగిలింది. సరిగ్గా అప్పుడు, వాకిట్లో వేపపుల్ల నములుతున్న కమలవ్వ కోడలి వంకైనా చూడకుండా, ఇంట్లో ఉప్పు నిండుకుందన్నంత తేలిగ్గా ఆ మాట అనేసింది.

"పోరనికి సైకిల్ వచ్చె. ఇంక పోరి బడికి ఎందుకే?"

సాయవ్వ చేతిలో రిబ్బను చేతిలోనే ఉండిపోయింది. అత్త గొంతులో కోపం లేదు, కచ్చ లేదు. ఉంటే బాగుండేది. కోపంతో అన్న మాటకు ఎదురు మాట ఉంటుంది, ఏడుపుంటుంది, రెండు రోజులు అన్నం మానెయ్యడం ఉంటుంది. ఇట్లా పొద్దు పొడిచినంత మామూలుగా అనేస్తే ఆడది ఏమని కొట్లాడాలి? పైగా ఆ మాట సాయవ్వకు కొత్తది కాదు. తాను పరికిణీ కట్టుకునే వయసులో సరిగ్గా ఇట్లాగే, ఇంతే తేలిగ్గా, తన తల్లి నోట విన్నది.

సైకిలు వచ్చింది నిన్న సాయంత్రమే. చెరుకు పైసలు చేతికి రాగానే సాయవ్వ భర్త హన్మంతు కామారెడ్డికి పోయి, కొడుకు శ్రీశైలం కోసం కొని, తొక్కుకుంటూ తెచ్చాడు. హ్యాండిలుకు పసుపు రాసి బొట్లు పెట్టారు. చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. వాడకట్టు పిల్లలంతా బెల్లు కొట్టి కొట్టి కమలవ్వ చేత తిట్లు తిన్నారు. ఆ సంబరంలో ఎవరూ గమనించని సంగతి ఇంకొకటి ఉంది. కమలవ్వ కూడా నిన్న అంగడి నుంచి ఒక వస్తువు తెచ్చింది. మేదరామె దగ్గర ఏరి కొన్న, ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే కొత్త చాట. చిన్నది, తేలికైనది, పదమూడేళ్ల పిల్ల ఒళ్లో సరిపోయేంతది. మనుమడికి సైకిలు, మనుమరాలికి చాట. ఎవరికీ అన్యాయం చెయ్యలేదనుకుంది పెద్దామె.

ఆ ఊళ్లో బడి ఐదో తరగతి దాకే. పైకి చదవాలంటే కామారెడ్డికి నడవాలి. మండలాలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో కూడా ఆ దారికి బస్సు లేదు. స్వరూప ఐదు పాసై ఏడాది పాటు ఇంట్లోనే ఉంది, తల్లి పక్కన కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరిస్తూ. తమ్ముడు ఐదు పాసయ్యాకే ఆ పిల్లకు మళ్లీ బడి దొరికింది. చిన్నపిల్లగాడు, అంత దూరం ఒక్కడే ఎట్లా పోతాడు, అక్క తోడుంటే మంచిదన్నారు ఇంట్లో. అలా అక్కాతమ్ముడు ఒకే తరగతిలో పడ్డారు. అప్పుడు సాయవ్వ చేసిన పని ఒకటే. కొడుకును చేర్పించడానికి భర్త బడికి బయలుదేరుతుంటే చెంబుతో నీళ్లిస్తూ, ఎట్లాగూ పోతది గదా, దాని పేరు గూడ రాయించు, ఊరికే కూసోబెడితే సారు ఏమన్న అంటడు అంది. హన్మంతు సరే అన్నాడు. అతనికది చిన్న సంగతి. అతను తిరిగొచ్చి, రాయించిన అని చెప్పేదాకా ఆమెకు ఆ పూట ముద్ద దిగలేదు.

ఎందుకు దిగలేదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎల్లారెడ్డి అవతల వాగు ఒడ్డున ఆమె పుట్టిన ఊరు. ఆమె తమ్ముడు నర్సింలు, తల్లికి ఇద్దరు పిల్లలు పోయాక దక్కిన మగపిల్లాడు, కోతిని చూస్తే ఏడుస్తాడు, నీళ్లు చూస్తే వణుకుతాడు. వాణ్ని ఎల్లారెడ్డి బడిలో వేశారు. వాడి అన్నం బుట్టీ, పలకా సంచిలో భుజాన వేసుకుని, వాగు వస్తే వాణ్ని చంకనెత్తుకుని దాటించి, బడి దాకా దించి, సాయంత్రం మళ్లీ తీసుకు రావడానికి సాయవ్వను పంపారు. నడుమ ఇంటికొచ్చి మళ్లీ పోవడం కుదరదు గనుక తలుపు దగ్గర వరండాలో కూర్చునేది. సారు మంచివాడు, లేవగొట్టలేదు. ఆ గడప అవతల నుంచే అక్షరాలు నేర్చింది, ఎక్కాలు నేర్చింది, నర్సింలు లెక్క తప్పితే వేళ్లతో సైగ చేసి అందించేది. అన్నీ దొరికాయి గానీ ఒకటి దొరకలేదు. హాజరు పిలిచేటప్పుడు సారు నర్సింలు అనగానే వాడు లేచి "హాజర్ సార్" అనేవాడు. తరువాతి పేరు పిలిచేలోగా చిటికెడు సందు ఉండేది. ఆ సందులో ఆమె తన పేరు తానే పిలుచుకుని, పెదవులు కదలకుండా "హాజర్ సార్" అనుకునేది. రోజూ అనుకునేది. ఒక్కనాడైనా సారు నోరు జారి తన పేరు పిలవకపోతాడా అని ఎదురుచూసేది. పాపం, ఆయన పుస్తకంలో లేని పేరు ఆయన నోటికెట్లా వస్తుంది?

కానీ నిజం చెప్పాలంటే బడి కన్నా ఆమెకు దారే ప్రాణం. ఇల్లు విడిచి బడి చేరేదాకా ఆమె ఎవరికీ ఏమీ కాదు. నీళ్లు తెమ్మనేవాళ్లు లేరు, పిల్లను ఆడించమనేవాళ్లు లేరు. పొదల్లోని పరికిపండ్లు నోట్లో వేసుకుని గింజ ఎంత దూరం ఉమ్మగలదో చూసుకునేది. మోదుగులు పూసే కాలంలో దారిలోని గుట్ట పక్కన కావాలనే నెమ్మదిగా నడిచేది. చేతులు ఊపుకుంటూ నడిచేది. ఆడపిల్ల ఖాళీ చేతులు ఊపుకుంటూ నడిచిన దారి ఆమె బతుకులో అదొక్కటే. నర్సింలుకు మేనమామ సైకిలు కొనిచ్చిన రోజున ఆ దారి ముగిసింది. బడి మానిపించారని ఆమె ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది. మానిపించడానికి చేర్పించింది ఎప్పుడని? తోడు అవసరం తీరింది, అంతే. మర్నాడు పొద్దున తల్లి చేతికి చీపురిచ్చింది.

అత్తగారింటికి వచ్చాక చాట ఇచ్చారు. ఇప్పటికి పదిహేనేళ్లు దాటింది. కోడికూతకు లేచి వాకిలి ఊడ్చి, పెండ తీసి, బాయి నీళ్లు చేది, రొట్టెలు కాల్చి, పిల్లలకు గిన్నెలు సర్ది, ఆ తరువాత చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవడం ఉండదు. తడిగుడ్డలో చుట్టిన తునికాకు, తంబాకు, దారం. చుట్టడం, మూతి ముడవడం, కట్టలు కట్టడం. తంబాకు ఘాటుకు రాత్రిళ్లు దగ్గొస్తే పక్క మనిషికి నిద్ర చెడుతుందని బయట మంచం వేసుకునేది. నడుము నొప్పి అని ఎప్పుడైనా నోరు జారితే హన్మంతు నవ్వేవాడు. "ఎండల నాగలి పడుతున్నవా? కూసుండి చేసే పనే గదా" అనేవాడు. అతను చెడ్డవాడేం కాదు. తాగడు, కొట్టడు. కానీ ఆ ఒక్క మాటతో ఆమె దినమంతా చాటలోంచి ఊడ్చి పారేసేవాడు.

ఇన్నేళ్లలో ఆమెకు దక్కిన సుఖం రెండేళ్ల నుంచి సాయంత్రం పూట దొరికే కాసేపే. పిల్లలు బడి నుంచి రాగానే ఆమె అడిగేది ఒకటే, దారిల ఏమున్నది అని. చదువు సంగతి తరువాత. శ్రీశైలానికి ఏమీ గుర్తుండేది కాదు, గిన్నె అక్కడ పారేసి గోలీలాటకు పరుగెత్తేవాడు. స్వరూప మాత్రం తల్లి పక్కన చతికిలపడి పూసగుచ్చినట్లు చెప్పేది. చెరుకు తోట కాడ నక్క కనిపించింది. రైలు గేటు వేసి ఉంటే గూడ్సు బండి పోయేదాకా నిలబడ్డం. గేటు కాడ జామకాయల అవ్వ వాళ్ల కోడలితో కొట్లాడి వచ్చి కాయలు ఊరికే ఇచ్చేసింది. సాయవ్వ చేతులు బీడీ మీద ఆగిపోయేవి. ఆ చేతులు పగలంతా ఆగేది అప్పుడే. కామారెడ్డికి ఆమె పోక కాదు, పెళ్లిళ్లకు ఎడ్లబండిలో నెత్తిన కొంగు కప్పుకుని పోయింది, తిరునాళ్లకు పోయింది. బండి వెనక నుంచి చూసిన దారి దారి కాదు గదా. నడిస్తేనే దారి.

అందుకే ఆ పొద్దున ఆమె ఒక జడే మడిచి కట్టగలిగింది, రెండో రిబ్బను చేతిలోనే ఉండిపోయింది. శ్రీశైలం బెల్లు కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. వెనక కూర్చోబెట్టుకుని పొమ్మంటే కమలవ్వే అడ్డుపడింది. పెరిగే పోరడు, బరువు తొక్కితే గుండెలు అలుస్తయని. ఎదిగిన పిల్ల సైకిలు మీద కాళ్లు వేలాడేసుకుని పోతే నలుగురు నవ్వరా అని కూడా చేర్చింది. నాయనమ్మ కొత్త చాట తెచ్చి ఒళ్లో పెడితే స్వరూప పెట్టించుకుంది. ఒక జడ మడిచి ఉంది, ఒక జడ వేలాడుతోంది. పుస్తకాల సంచి భుజానికి అట్లాగే ఉంది, తీయలేదు. ఆ సంచితోనే కూర్చుని మధ్యాహ్నం దాకా బీడీలు చుట్టింది. తీయవే అని సాయవ్వ అనలేకపోయింది. తీస్తే ఇక ఆ సంచి మేకుకు వేలాడుతుందని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం శ్రీశైలం రాగానే అలవాటు కొద్దీ సాయవ్వ అడిగింది, దారిల ఏమున్నదిరా అని.

"ఏముంటది, రోడ్డే" అని వాడు సైకిలు తుడుచుకోవడానికి పోయాడు.

అప్పుడు స్వరూప తల ఎత్తకుండా, చేతిలో ఆకు చుడుతూనే, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. "ఇయ్యాల గేటు వేసి లేకుండె అమ్మా. జామకాయల అవ్వ కొత్త చీర కట్టుకొచ్చింది. మిల్లు కాడ బండ్లు బారు నిలబడ్డయి." ఇల్లు కదలని పిల్ల, పొద్దుటి నుంచి కళ్ల ముందే కూర్చున్న పిల్ల, తల్లి కోసం దారి అల్లి చెబుతోంది. బడి ఆగిపోయిన తరువాత ఎన్నేళ్లు సాయవ్వ కూడా రోళ్ల దగ్గరా, పొయ్యిల దగ్గరా ఇట్లాగే లేని దారిని నడుచుకుంటూ పోలేదు? ఇప్పుడు వాగు దాటుతున్న, ఇప్పుడు గుట్ట పక్కకు వచ్చిన, అని ఎన్నిసార్లు తనకు తాను చెప్పుకోలేదు? ఆ రోగం తనతో పోతుందనుకుంది. బిడ్డకు ఒక్క పూటలోనే అంటుకుంది. సాయవ్వ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయి ఏడ్చింది.

అన్నం పెడుతూ స్వరూప బడి సంగతి భర్తను అడిగింది. అతను నిజంగానే ఆలోచించాడు, ముద్ద ఆపి మరీ. ఊరి నుంచి ఇంకో ఆడపిల్ల పోతే దాన్ని తోడు పంపేవాళ్లమే, ఎవ్వరూ పోతలేరన్నాడు. చెరుకు తోటల మధ్య దారి, కాలం మంచిది కాదన్నాడు.

"నేను వద్దంటున్ననా చెప్పు? ఒక్కతి ఎట్ల పోతది? తోడుంటే పంపకపోదునా?" అన్నాడు చివరికి.

ఆ చివరి మాట సాయవ్వ పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది గానీ దాన్ని ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు. నాలుగు రోజులు తోచలేదు. నాలుగు రోజులూ స్వరూప సంచి భుజానికి తగిలించుకునే కూర్చుంది. ఐదో రోజున సంచి లేకుండా వచ్చి కూర్చుంది, దారి చెప్పడం కూడా మానేసింది. సాయవ్వకు అప్పుడు నిజంగా భయం వేసింది.

ఆ మధ్యాహ్నమే చాంద్ బీ వచ్చింది. ఊరికి ఆ కొసన ఉంటుంది, మొగుడు దుబాయిలో. బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఒక అలవాటుంది, ఇంట్లో ఉక్కపోస్తే చాట నడుముకు పెట్టుకుని ఎవరి అరుగు మీద నీడ ఉంటే అక్కడికి పోయి కూర్చుంటారు. చాంద్ బీకి ఆ అలవాటు కాస్త ఎక్కువ. ఇంత ఎండలో ఊరంతా దాటి ఎట్లా వచ్చినవు, మీ అత్త ఏమనలేదా అని సాయవ్వ అడిగితే ఆమె పకపకా నవ్వింది.

"చంకల చాట ఉంటే ఏడికి పోతున్నవని ఒక్కడడగడు సాయవ్వా. ఉత్త చేతులు ఊపుకుంట పోయి చూడు, పది మంది అడుగుతరు."

సాయవ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. చేతిలో దారం కొస జారిపోయినా చూసుకోలేదు. చాంద్ బీ ఇంకేదో చెబుతూనే ఉంది, దుబాయి నుంచి వచ్చిన దుప్పటి గురించి కాబోలు, సాయవ్వకు ఒక్క ముక్క ఎక్కలేదు.

మర్నాడు ఎప్పటికన్నా ముందే లేచింది. వాకిలి, పెండ, నీళ్లు, రొట్టెలు, పప్పు, అత్తకు జొన్నగట్క, ఎక్కడా వేలు పెట్టి చూపడానికి లేకుండా ముగించింది. స్వరూపను లేపి తల దువ్వి రెండు జడలూ మడిచి కట్టింది. పిల్ల అద్దంలోంచి తల్లిని చూస్తూనే ఉంది. తడిగుడ్డలో ఆకు చుట్టి, తంబాకు పొట్లం, దారం, కత్తెర పెట్టుకుని సాయవ్వ కొత్త చాట చంకనెత్తుకుంది. తన పాత చాట గూటిలోనే ఉంచేసింది.

"ఏడికే పొద్దుగాల్నే?" అంది కమలవ్వ.

"బీడీలు చేసెతందుకు అత్తా."

"ఏడ?"

"బడి కాడ చెట్టున్నదట. స్వరూప బడిల ఉంటది, నేను నీడకు కూసుంట. తోడుంటే పంపుతనన్నడు మీ కొడుకు."

కమలవ్వ నోట్లోంచి వేపపుల్ల తీసింది. ఇల్లిడిచి కోడలు దినమంతా కామారెడ్డిల కూసుంటదా, నలుగురు ఏమనుకుంటరు అని మొదలుపెట్టి, ఇంట్ల పనో అని అడగబోయి చుట్టూ చూసింది. అడగడానికి పని మిగల్లేదు. ఎద్దుల దగ్గర ఉన్న కొడుకును కేకేసింది. హన్మంతు వచ్చి నిలబడ్డాడు. గంత దూరం పోయి ఆడ కూసుండుడేందని అతనూ అన్నాడు.

"కూసుండి చేసే పనే గదా" అంది సాయవ్వ. "ఏడ కూసుంటే ఏంది?"

అతను పదిహేనేళ్లుగా అంటున్న మాట. వాపసు వచ్చేసరికి తల గోక్కున్నాడు. అతను తేల్చుకునేలోగా తల్లీబిడ్డా గడప దాటారు.

ఊరు దాటేదాకా సాయవ్వ తలొంచుకునే నడిచింది. చాంద్ బీ చెప్పింది అక్షరాలా నిజం. ఎదురొచ్చిన వాళ్లు చాటను చూశారు, మనిషిని చూడలేదు. చివరి ఇల్లు దాటగానే స్వరూప తల్లి చంకలోంచి చాట లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. ఒక్కసారిగా సాయవ్వ చేతులు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ చేతులను ఏం చేసుకోవాలో ఆమెకు కాసేపు తెలియలేదు. కొంగు సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది. తరువాత వాటంతట అవే ఊగడం మొదలుపెట్టాయి. మోకాళ్లు నొప్పి పెట్టాయి, ఏళ్ల తరబడి మడిచి ఉంచిన కాళ్లు గదా. అయినా ఎక్కడా కూర్చుందామనలేదు. చెరుకు తోట వచ్చింది. మిల్లు వచ్చింది. రైలు గేటు దగ్గర జామకాయల అవ్వ, ఎవరే ఈమె అని స్వరూపను అడిగి, చెప్పగానే ఒక దోరకాయ సాయవ్వ చేతిలో పెట్టింది. అన్నీ బిడ్డ చెప్పినట్లే ఉన్నాయి. అయినా చెప్పడంలో రానిది ఏదో ఉంది, గాలి కావచ్చు. వద్దన్నా ఆమె కళ్లు తడిసి తడిసి ఆరాయి.

బడి గోడ పక్క చెట్టు కింద చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిటికీ తెరిచే ఉంది. లోపల టీచరమ్మ హాజరు పిలుస్తోంది. శ్రీశైలం పేరు పిలవగానే వాడు అరిచాడు. తరువాత స్వరూప పేరు. "ఎస్ టీచర్" అని బిడ్డ గొంతు, గట్టిగా, అందరికీ వినపడేట్టు. ఇంకో పేరు పిలిచేలోగా చిటికెడు సందు వచ్చింది. సాయవ్వ చేతులు ఆగాయి. ఈసారి పెదవులు కదిలించే అంది, హాజర్ సార్ అని. గోడ మీది ఉడుత తప్ప ఎవరూ వినలేదు.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేసరికి కమలవ్వ ఎదురొచ్చి ముందు చాటే చూసింది. కట్టలు ఎప్పటి లెక్కకు తగ్గలేదు. కొత్త చాట పిల్లకు తెచ్చింది గదా నీకెందుకే అని గొణిగింది. నాకుండనియ్ అత్తా, మొయ్యనీకి తేలిక అని చెప్పి సాయవ్వ లోపలికి పోయి పొయ్యి అంటించింది. తరువాత వాకిట్లో కూర్చుని ఆకు మీద నీళ్లు చిలకరిస్తుంటే హన్మంతు మంచం మీది నుంచి అడిగాడు. గొంతులో కోపం లేదు, జాలి ఉంది, దాని కింద కాస్త వెటకారం కూడా.

"ఎన్నొద్దులే ఇట్ల పిల్లకు తోడు పోతవ్? పది పాసయ్యేదాక తిరుగుతవా?"

సాయవ్వ ఆకును తడిగుడ్డలో చుట్టి ముడి వేసింది.

"పిల్లకు నేను తోడు పోలే" అంది. "బడికి పోయింది నేనే. పిల్ల నాకు తోడొచ్చింది. రేపు గూడ వస్తది."